కారు రేటుని పొడవుతో గుణిస్తే కారవాన్ రేటు రాదు

ప్రశ్న: అన్నయ్యా, నమస్కారం. విశాఖలో కొమ్మాది దగ్గర చిన్న షెడ్డు తీసుకుని నాలుగేళ్లుగా కార్ డిటైలింగ్, అంటే కార్లని లోపలా బయటా శుభ్రం చేసి మెరిపించే పని చేస్తున్నాను. నాతో ఇద్దరు కుర్రాళ్లు. చిన్న కారు పాలిషింగుకి 4,500 తీసుకుంటాను, బతుకు బాగానే నడుస్తోంది. ఈమధ్య టూరిస్టులకి కారవాన్లు అద్దెకిచ్చే ఒకాయన రుషికొండ నుంచి పిలిచారు. ఆయన దగ్గర టెంపో ట్రావెలర్ వ్యాన్ మీద కట్టించిన చిన్నవి రెండు, 12 మీటర్ల బస్సుని ఇల్లులా మార్చింది ఒకటి ఉన్నాయి. ముందు పెద్దది చేయమన్నారు. కారు 4 మీటర్లు, ఇది 12, మూడు రెట్లే కదా అని 13,500 లెక్కేసి, మొదటి బేరమని 12,000కి ఒప్పుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. పని ఆయనకి నచ్చింది. ఇప్పుడు మిగతా రెండూ అదే లెక్కన చేసి, నెలనెలా మూడింటినీ చూసుకోమంటున్నారు. డబ్బులు 60 రోజులకి ఇస్తారట. మా ఆవిడ రాసిన ఖర్చుల కాగితం కూడా పంపుతున్నాను, అది చూశాక నాకు నిద్రపట్టలేదు. షెడ్డు ముందు రేట్ల బోర్డు కొత్తగా రాయిస్తున్నాను. అందులో కారవాన్‌కి ఎంతని రాయించమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు మీ ఆవిడకి నా నమస్కారం చెప్పు. నీ ఉత్తరం కంటే ఆవిడ కాగితమే నాకు ఎక్కువ చెప్పింది. కుర్రాళ్లిద్దరికీ రోజుకి 700 చొప్పున నాలుగు రోజులు, 5,600. కాంపౌండు (రంగు మీద గీతలు, మాపు తీసే గరుకు పేస్టు), పాలిషు, మిషను ప్యాడ్లు 2,800. జనరేటర్ డీజిలు, నీళ్ల ట్యాంకరు 1,500. నిచ్చెనల అద్దె 600. మొత్తం 10,500. నీకు మిగిలింది 1,500, అంటే రోజుకి 375. నీ దగ్గర పనిచేసే కుర్రాడికి 700, వాడి యజమానికి 375. పైగా ఆ నాలుగు రోజులూ షెడ్డుకి తాళం. ఎన్ని కార్లు వచ్చి తిరిగెళ్లాయో ఆవిడ రాయలేదు, నీ మొహం చూసి ఊరుకుని ఉంటుంది.

ఎక్కడ పొరపాటు జరిగిందో చూద్దాం. నువ్వు పొడవు కొలిచావు. పాలిషింగ్ మిషను తిరిగేది పొడవు మీద కాదు, రేకు మీద. చిన్న కారుకి అద్దాలు, బంపర్ల జాలీలు తీసేస్తే మిషను తిరిగే చోటు ఉజ్జాయింపుగా వంద చదరపడుగులు. అదే 12 మీటర్ల బస్సుకి ఒక్కో పక్క 39 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. రెండు పక్కలూ కలిపి 700 పైచిలుకు. ముందూ వెనకా ఇంకో 150. అద్దాలకి ఓ 250 తీసేసినా 600 చదరపడుగులు మిగులుతుంది. టాపు ఇంకో 330. నువ్వు మూడు రెట్ల డబ్బు అడిగి ఆరు రెట్ల పని చేశావు, టాపు కలిపితే తొమ్మిది రెట్లు. కారు పక్కన నిలబడితే నీ నడుం దగ్గరుండే రేకు, బస్సుకి నీ తలకి మూడడుగుల పైన ఉంటుంది. అక్కడ మిషను పట్టుకున్న చేయి పది నిమిషాలకే లాగేస్తుంది.

అడుగుకి ఇంతని చెప్పే పద్ధతి అమెరికాలో ఉంది, నువ్వు ఏ వీడియోలోనో చూసి ఉంటావు. అక్కడ 20 అడుగుల నుంచి 45 అడుగుల దాకా మోటార్‌హోములు ఉంటాయి, పెద్ద తరగతి బళ్లన్నీ దాదాపు ఒకే వెడల్పు, ఒకే ఎత్తు. ఒక బండికీ ఇంకో బండికీ తేడా పొడవులోనే కనుక వాళ్లకి అడుగు లెక్క పనికొస్తుంది. అయినా ఆ అడుగు రేటు కూడా కడగడానికి ఒకటి, వ్యాక్సుకి ఒకటి, పాలిపోయిన బండిని తిరిగి మెరిపించడానికి ఇంకొకటి. మన దగ్గర కారవాన్ అంటే ఒక్క రకం కాదు. ట్రావెలర్ మీద కట్టింది ఉంది, బస్సు ఛాసిస్ మీద కట్టింది ఉంది, కారు వెనక తగిలించి లాగేది ఉంది. సినిమావాళ్లు భీమిలి షూటింగులకి తెచ్చే వ్యాన్లనీ మనం కారవాన్ అనే అంటాం. ఇన్ని ఆకారాలకి ఒకే అడుగు రేటు పెడితే ఒకడి దగ్గర దోచుకుని ఇంకొకడి దగ్గర నువ్వే నష్టపోతావు.

అందుకని అడుగులు వదిలేయ్, గంటలు పట్టుకో. నీ షెడ్డులో ఒక మనిషి ఒక గంట పనిచేస్తే ఎంత తీసుకోవాలో నీకు తెలిస్తే, ఏ బండి వచ్చినా కంగారుండదు.

మీ ఆవిడ కాగితంలో నెల ఖర్చులు: అద్దె 12,000, కరెంటు 3,000, కుర్రాళ్లకి 26 రోజులకి 36,400, ఫోను పెట్రోలు వగైరా 4,000. అంతా 55,400. ఇందులో రెండు అంకెలు లేవు. ఒకటి మిషన్ల అరుగుదల. ప్రెషర్ వాషరు, వ్యాక్యూము, రెండు పాలిషింగ్ మిషన్లు రేపు పాడైతే కొనాలి కదా, నెలకి 2,500 పక్కన పెట్టు. రెండోది నీ జీతం. నాలుగేళ్లుగా మిగిలిందే జీతమనుకుంటున్నావు. ఈ పని వచ్చినవాడిని బయటి షాపు వాళ్లు ఊరికే పెట్టుకోరు, నీకు నువ్వు 30,000 రాసుకో. ఇప్పుడు మొత్తం 87,900.

ముగ్గురు మనుషులు, 26 రోజులు, రోజుకి 9 గంటలు. మొత్తం 702 గంటలు. ఇందులో చేయి నిజంగా బండి మీద ఉండేవి ఎన్ని? కస్టమర్ కోసం ఎదురుచూడటం, గుడ్డలు ఉతుక్కోవడం, కరెంటు పోవడం, వాన, టీ, బేరాలు. నా అనుభవంలో పదింట ఆరు వంతులుంటే గొప్ప. 420 అనుకో. 87,900ని 420తో భాగిస్తే గంటకి 210 దాకా వస్తుంది. అది ఖర్చు మాత్రమే. షెడ్డు పెరగాలన్నా, ఒక వానాకాలం నెల ఖాళీగా పోయినా తట్టుకోవాలన్నా దాని మీద లాభం ఉండాలి. 250 పెట్టుకో. సామాను ఖర్చు దీనికి వేరే.

ఇది సరైన అంకేనా అని చూసుకోవడానికి నీ కారునే పెట్టి చూడు. చిన్న కారు పాలిషుకి ఇద్దరు ఆరు గంటలు, అంటే 12 గంటలు, 3,000. సామాను 600. మొత్తం 3,600. నువ్వు తీసుకునేది 4,500. అంటే కారు దగ్గర నీ లెక్క బాగుంది, ఇంకాస్త మిగులుతోంది కూడా. ఆ మిగిలిందే బస్సు తినేసింది.

ఇప్పుడు బస్సు. నాలుగు రోజులు, ముగ్గురు, 9 గంటలు, 108 గంటలు. 250 చొప్పున 27,000, పైన సామాను, డీజిలు, నిచ్చెన 4,900. దాదాపు 32,000 పని. కానీ ఆ 32,000 కస్టమర్ని అడగమని నేననను. నూట ఎనిమిది గంటల్లో నువ్వు నేర్చుకున్న గంటలు కొన్ని ఉన్నాయి, నిచ్చెన జరుపుకున్న గంటలు ఉన్నాయి. నువ్వు నేర్చుకున్నదానికి ఆయన ఎందుకు కట్టాలి? చక్రాలున్న స్కాఫోల్డు (పైన నిలబడి పనిచేసే ఇనుప చట్రం) అద్దెకి తెచ్చి, ఒకడు కాంపౌండు కొడుతుంటే వెనకాలే రెండోవాడు పాలిషు కొట్టుకుంటూ వెళ్తే అదే బస్సు 80 గంటల్లో అవుతుంది. 20,000, పైన 4,900. మళ్లీ అలాంటి బస్సు వస్తే 25,000 అని చెప్పు, ఆ గొంతులో తడబాటు లేకుండా చెప్పు.

ఆ 80 గంటలు నేనెలా వేశానో చెప్తాను, ఎందుకంటే నీకు కావలసింది ఆ పద్ధతే. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు రేటు చెప్పకు. మాస్కింగ్ టేపు తీసుకెళ్లు, రెండడుగులకి రెండడుగులు చదరం వేయి. అక్కడ కడుగు, కాంపౌండు కొట్టు, పాలిషు కొట్టు, ఫోనులో టైము చూసుకో. నాలుగు చదరపడుగులకి 12 నిమిషాలు పట్టిందనుకో, చదరపడుగుకి మూడు నిమిషాలు. 600 చదరపడుగులకి 30 గంటలు. ఎక్కడం, దిగడం, స్టిక్కర్లకీ రబ్బర్లకీ టేపు అంటించడం, ప్యాడ్లు మార్చడం, దీనికి మూడో వంతు, 10 గంటలు. కడగడానికి, అతుక్కున్న మురికి తీయడానికి 8. టాపుకి 10. అద్దాలు, టైర్లు, నల్ల ప్లాస్టిక్కులకి 8. లోపల 14. కలుపుకో.

ఆ టేపు చదరం ఒక్కచోట వేస్తే మోసపోతావు. ఆగి ఉన్న బండికి ఎప్పుడూ ఒక పక్కే ఎండ కొడుతుంది. ఎండ పక్క ఒకటి, నీడ పక్క ఒకటి, ముందు ముఖం మీద ఒకటి, మూడు వేయి. బస్సులకి ముందు ముఖం, వెనక భాగం చాలావాటికి ఫైబర్‌తో పోస్తారు, అక్కడ రంగు ముందు పాలిపోతుంది. నల్లగుడ్డ పెట్టి రుద్ది చూడు, తెల్లగా సుద్దలా అంటితే ఆ చోట ఒక్క కోటు పాలిషుతో పోదు, రెండు మూడు సార్లు తిరగాలి. నీ దగ్గర రంగు మందం చూసే మీటరు ఉంటే ఒక మాట గుర్తుంచుకో. అయస్కాంతంతో పనిచేసే చవక మీటరు ఇనుప రేకు మీదే అంకె చూపిస్తుంది, ఫైబర్ మీద చూపించదు. కంపెనీ రంగు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో పైన రంగుని కాపాడే పారదర్శక పొర, క్లియర్ కోటు, 40 దరిదాపు. ప్రతి కాంపౌండుకీ అందులోంచే కొంత పోతుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు గట్టిగా కొడతానని ఎవరికీ మాటివ్వకు.

ఈ చదరంతో ఇంకో లాభం ఉంది. టేపు పీకాక కస్టమర్ని పిలిచి చూపించు. మాసిన రేకు మధ్య అద్దంలా మెరిసే ముక్క కనిపిస్తే ఇక నువ్వు అమ్మక్కర్లేదు. "మొత్తం ఇలా రావాలంటే ఇంత" అంటే చాలు.

ఈ పాఠం నేనూ ఊరికే నేర్చుకోలేదులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక బీచ్ వైపు బళ్లన్నిటికీ ఇసుక, ఉప్పు కలిసి పట్టేశాయి. మూడు బస్సులు ఒకేసారి వస్తే సంబరపడి బండికి ఇంతని గుండుగుత్తగా చెప్పేశాను. మొదటి బస్సు మీద గుడ్డ వేయగానే తెలిసింది, ఆ ఇసుకని ముందు నీళ్లతోనే గంటలకొద్దీ వదిలించాలని, లేకపోతే ప్రతి రుద్దుడూ ఒక గీత అని. ఊళ్లో కరెంటు లేదు, నీళ్లు లేవు, ట్యాంకరుకి ఎంతడిగితే అంత. మూడు బస్సులూ అయ్యాక ఆ నెల ఇంటి అద్దెకి బావమరిదిని అడగాల్సి వచ్చింది. అప్పటి నుంచి బండి మీద చేయి వేసి చూడకుండా నా నోట్లోంచి అంకె రాదు.

ఇక మన విశాఖ సంగతులు. ఇవి బయటి ఊళ్ల రేట్ల పట్టికల్లో ఉండవు. రుషికొండలో నిలబెట్టే బండికి రోజూ ఉప్పు గాలి. పోర్టు వైపు, గాజువాక వైపు తిరిగే బండికి బొగ్గు దుమ్ము, ఇనుప రజను. ఆ రజను రేకులో గుచ్చుకుని తుప్పు చుక్కల్లా కనిపిస్తుంది, కడిగితే పోదు, ఐరన్ రిమూవర్ (ఇనుప రజనుని కరిగించే మందు) కొడితే ఊదా రంగులో కారుతుంది. బస్సుకి ఆ సీసాలు ఎన్ని పడతాయో ముందే లెక్కేసుకో, కారుకి పట్టేదానితో పోలికే ఉండదు. అరకు ఘాట్ దిగి వచ్చిన బండికి ఎర్రమట్టి అడుగు భాగమంతా పేరుకుంటుంది. బోరు నీళ్లలో ఉప్పుంటే ఎండలో చుక్కలు పడిపోతాయి, అందుకే ట్యాంకరు ఖర్చు తప్పదు. చిన్న ప్రెషర్ వాషరు నిమిషానికి ఆరేడు లీటర్లు తాగుతుంది. గంటసేపు ట్రిగ్గరు నొక్కితే 400 లీటర్లు.

12 మీటర్ల బండి నీ షెడ్డులో పట్టదు, ఆరుబయటే చేయాలి. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలు దాటితే రేకు మీద కాంపౌండు క్షణంలో ఎండి పొడైపోతుంది. తెల్లారగట్ల అయిదున్నర నుంచి పది వరకు, మళ్లీ సాయంత్రం. అంటే ఎండాకాలంలో ఒక రోజు పని రోజున్నర తింటుంది. ఆ ఎండల్లో ఒప్పుకుంటే రోజులు ఎక్కువ చెప్పు. జనరేటరు అద్దెకి తెచ్చేటప్పుడు చూసుకో, పాలిషింగ్ మిషను 1,200 వాట్లు, ప్రెషర్ వాషరు 1,800 వాట్ల చుట్టూ ఉంటాయి. రెండూ కలిపి నడవాలంటే చిన్న జనరేటరు ఆగిపోతుంది. ఇవన్నీ గంటల్లోకి రావు, విడిగా ఒక వరస రాయి: సైటుకి వచ్చినందుకు ఇంత.

టాపు విషయం గట్టిగా చెప్పాలి. నువ్వు రాసిన ఉత్తరంలో టాపు అన్న మాటే లేదు, ఊరికే చేసేశావని అర్థమైంది. కారవాన్ టాపు మీద ఏసీ ఉంటుంది, సోలార్ పలక ఉంటుంది, గాలి కిటికీ ఉంటుంది, వాటి చుట్టూ నీళ్లు దిగకుండా పూసిన సీలెంటు గీతలు ఉంటాయి. ప్రెషర్ గన్ను దగ్గరగా పెట్టి ఆ గీతల మీద కొడితే నీళ్లు లోపలికి దిగుతాయి. నెల తర్వాత సీలింగు ఉబ్బితే నిన్నే పిలుస్తారు, అప్పటికే పగిలి ఉందని నువ్వెలా నిరూపిస్తావు? ఎక్కగానే ప్రతి మూలకీ ఫొటో తీసి, నీళ్లు పట్టకముందే ఆయన వాట్సాప్‌కి పంపు. ఇక తడి టాపు మీద సబ్బు నురగ. పదకొండు అడుగుల ఎత్తు నుంచి కుర్రాడు జారితే ఏ రేటూ సరిపోదు. మంచి పట్టున్న బూట్లు, నడుముకి బెల్టు, కింద ఇంకో మనిషి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదవశాత్తు ప్రాణం పోతే 2 లక్షలు. కుర్రాళ్లిద్దరికీ ఈ వారమే కట్టించు, అది కూడా ఖర్చులోనే రాసుకో. టాపుని మాత్రం కొటేషన్‌లో వేరే వరసగా పెట్టు. వద్దంటే వద్దు, చేస్తే దాని గంటలు దానివి.

తెలియక పాడుచేసే వస్తువులు కారవాన్‌లో కొన్ని ఉంటాయి. బయటినుంచి తెప్పించి బిగించిన పక్క కిటికీలు కొన్నిటికి గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. వాటికి అమోనియా ఉన్న గ్లాస్ క్లీనరు గానీ థిన్నరు గానీ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లే. పెద్ద స్టిక్కర్ల అంచుల మీద మిషను పెడితే లేచిపోతాయి. పక్కకి తెరుచుకునే గుడ్డ పందిరికి బూజు పడితే అది వేరే పని, వేరే రేటు. లోపల సముద్రపు ఇసుక సీటు పట్టాల్లో, మంచం కింద దొరుకుతూనే ఉంటుంది, 14 గంటలు తక్కువేం కాదు. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం నీ పని కాదని ముందే చెప్పేయ్. మొహమాటపడి ఒక్కసారి చేశావా, ఇక ఎప్పటికీ నీదే.

సరే, ఆ రెండు చిన్న కారవాన్లు. "అదే లెక్కన" అంటే ఆయన మనసులో ఉన్నది పొడవు లెక్క. బస్సు 12 మీటర్లకి 12,000, ట్రావెలర్ 7 మీటర్లు కనుక 7,000. నా లెక్క చూడు. 23 అడుగుల బండి, మిషను తిరిగే చోటు 300 చదరపడుగుల లోపు. చదరపడుగుకి మూడు నిమిషాలైతే పద్నాలుగున్నర గంటలు, ఎక్కిదిగడాలకి 5, కడగడానికి 4, టాపుకి 5, అద్దాలూ టైర్లకి 4, లోపల 9. దాదాపు 42 గంటలు. 10,500, సామాను 2,000. మొత్తం 12,500. అంటే నువ్వు పెద్ద బస్సుకి తీసుకున్న డబ్బు ఈ చిన్నదానికి సరిపోయే డబ్బు. రంగు కొత్తగా ఉండి ఒక్క పాలిషుతో మెరిస్తే గంటలు తగ్గుతాయి, పదివేలకి దిగొచ్చు. ఆ తేడా టేపు చదరమే చెప్తుంది.

ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలన్నదే నీ అసలు భయమని తెలుసు. పాత బస్సుకి ఇంకా ఇవ్వమని అడగకు, ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే. ఇలా చెప్పు: "సార్, మొదటి బండికి పొడవు చూసి చెప్పాను, తప్పు నాది, ఆ నష్టం నేనే భరించాను. ఈ రెండింటికీ గంటల లెక్క తెచ్చాను, చూడండి." అని కాగితం చేతిలో పెట్టు. బయట భాగం ఒక వరస, టాపు ఒక వరస, లోపల ఒక వరస, సైటు ఖర్చు ఒక వరస. బేరమాడితే అంకె తగ్గించకు, వరస తీసేయ్. "లోపల మీ మనుషులే చేసుకుంటే 2,250 తగ్గుతుంది సార్" అంటే అది మర్యాదైన బేరం. ఊరికే రెండు వేలు తగ్గిస్తే, ముందే రెండు వేలు ఎక్కువ చెప్పాడన్నమాట అనుకుంటాడు. "గాజువాకలో అయిదు వేలకే చేస్తారు" అని తప్పక అంటాడు. అయిదు వేలకి కడిగి టైర్లకి నల్లరంగు పూస్తారు, నిజమే. మీకు కావలసింది అదైతే నేనూ అయిదు వేలకే చేస్తానని చెప్పు. లక్షలు పోసి కారవాన్ కట్టించుకున్నవాడు పాలిషుకి బేరమాడటం ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటమే. కానీ ఆ మాట మనసులోనే ఉంచుకో, నోటితో అనకు.

నెలనెలా పని మంచి బేరమే, వదులుకోకు. కాకపోతే అది వేరే సరుకు. ఒకసారి బాగుచేసిన బండిని అలాగే ఉంచడానికి కాంపౌండు అక్కర్లేదు. ఫోమ్ వాష్, టాపు కడగడం, లోపల వ్యాక్యూము, రెండు మూడు నెలలకోసారి రంగు మీద కాపలా పూతగా మళ్లీ వ్యాక్సో పెయింట్ సీలెంటో. ఉప్పు గాలిలో అంతకంటే ఎక్కువ రోజులు నమ్మలేం. చిన్నదానికి ఇద్దరు మూడున్నర గంటలు, ఏడు గంటలు, 1,750, సామాను 250. నెలకి 2,000. బస్సుకి దాదాపు రెట్టింపు. మూడూ ఒకే రోజు ఒకే చోట పెడితే ట్యాంకరు, జనరేటరు ఖర్చు పంచుకుంటాయి కనుక అక్కడ కొంత తగ్గించు, అది న్యాయమైన తగ్గింపు. వరసగా రెండు నెలలు మానేస్తే మళ్లీ కొత్తగా చూసి చెప్తానని ముందే రాయించుకో.

అరవై రోజుల అరువు మాత్రం కుదరదు. నీ కుర్రాళ్లు శనివారం సాయంత్రం చేయి చాస్తారు, అరవై రోజులు ఆగరు. పెద్ద పనికి సగం ముందు, సగం తాళాలు చేతికిచ్చేటప్పుడు. నెలవారీ పనికి నెల తిరిగేలోపు. ఉద్యం రిజిస్ట్రేషను (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకో, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా అవుతుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రిజిస్టరైన సూక్ష్మ, చిన్న సంస్థకి బాకీ 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా కట్టాలి. దాటితే వడ్డీ ఉంది, పైగా సంవత్సరాంతానికి కట్టని ఆ ఖర్చుని ఆయన పన్ను లెక్కలో ఆ ఏడాది చూపుకోలేరు. చట్టం పేరు చెప్పి ఆయన్ని బెదిరించమనట్లేదు. బిల్లు మీద ఉద్యం నంబరు వేయి చాలు, మిగతాది ఆయన ఆడిటరే చెప్తాడు. నీ ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటనంత కాలం జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. దాటేలా ఉంటే ఈ పనికి 18 శాతం, అది నువ్వు చెప్పిన రేటు పైన. ఇప్పటినుంచే కొటేషన్ కింద "పన్నులు వర్తిస్తే అదనం" అని రాసే అలవాటు చేసుకో.

బోర్డు సంగతి అడిగావు. కార్ల రేట్లు శుభ్రంగా రాయించు, చిన్నది, సెడాన్, పెద్ద బండి అని. కింద "బస్సులు, కారవాన్లు చూసి చెప్పబడును" అని రాయించి ఊరుకో. అంకె కావాలని పెయింటరు అడిగితే, ఆ చోట నీ ఫోన్ నంబరు వేయమను.